నల్లని చిన్న యీగలు: ఛాయాచిత్రమును బట్టి పోల్చుకొను విధము

మన నిజామాబాదు పట్టణమునందును, బోధను చుట్టుపట్ల చెఱకు పండించు గ్రామములందును, తొలకరి పడినది మొదలు చలికాలము వచ్చువఱకు నల్లని చిన్న యీగలు కానరాని తావు లేదు. స్నానపుగది గోడమీద నొకటి, పూలకుండీచుట్టు నొకటి, నిద్రించు పసిబిడ్డ కనుకొలుకున నొకటి, గొఱ్ఱెల దొడ్డిలో నొకటి, చెఱకాకు అడుగున నొకటి, పసుపుచేనిలో నొకటి. చూచువారి కన్నియు నొక్క తీరుగనే యుండును. పోయిన వానకాలమున మా ప్రకృతిశాస్త్ర తరగతి బాలబాలికలు ఇంటివారి చేతిఫోనులతో తీసిన చిత్రములను దెచ్చి, "సారూ, ఇది యేమి యీగ? మందు కొట్టవలెనా యని మా బాపు అడుగమన్నాడు" అని మమ్ము ప్రశ్నించిరి. మొదటి ప్రశ్నకు జవాబు తెలియక రెండవదానికి జవాబు చెప్పరాదు. మందు వెల గలది. దానివలన చచ్చునది శత్రువో మిత్రమో ముందుగా తెలిసికొనవలెను. కావున నొక చిన్న యీగ చిత్రమును ముందుంచుకొని దానినుండి యేమి గ్రహింపవచ్చునో, ఏమి గ్రహింపరాదో ఇచట వివరించుచున్నాము.

మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న, అది నిజముగా ఈగయేనా యనునది. ఈగకు రెండే ఱెక్కలు. తక్కిన యెగురు పురుగులలో చాలవానికి నాలుగు. ఈగ జాతికి శాస్త్రజ్ఞు లిడిన డిప్టెరా యను గ్రీకు పేరునకు రెండు ఱెక్కలు కలది యనియే యర్థము. వెనుకటి జత ఱెక్కలకు బదులుగా దాని ప్రక్కల రెండు చిన్న కాడలు, చివర గుండ్లతో, గుండుసూదులవలె నుండును. ఎగురునపుడు ఒడలు తూలిపోకుండ నిలుపునవి యివియే. వీనిని హాల్టీరు లందురు. మంచి చిత్రములో ఱెక్క మొదట తెల్లని చుక్కవలె నిది కనబడినచో, అది ఈగయని నిస్సందేహముగ చెప్పవచ్చును. దోమయు ఈ గుంపులోనిదే. ప్రపంచమున ఇంతవఱకు పేరు పెట్టబడిన రెండు ఱెక్కల జాతులు లక్షా యేబదివేలకు మించియున్నవి. ఇన్నింటిలో "నల్లగా, చిన్నగా" నున్న వెన్నియో యూహించుకొనుడు.

చెఱకుతోటలనుండి వచ్చిన చిత్రములలో ఈగ కానివే యెక్కువ. బోధను ప్రాంతమున చెఱకు విస్తరించుట నిజాంసాగరు వలన. మంజీరానదిపై ఆ జలాశయము 1931లో పూర్తియైనది. 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినను, కాలువల క్రింద చెఱకును విడువని రైతులు నేటికిని కలరు. వారి బిడ్డలు తెచ్చిన యొక చిత్రమున ఆకు అడుగున వరుసగా నల్లని గింజలవంటివి అంటుకొనియున్నవి. ఒక్కొక్కదాని యంచున తెల్లని మైనపు కుచ్చు కలదు. దానిని "నల్లయీగ" యని వ్రాసి తెచ్చిరి. వాస్తవమునకది చెఱకు తెల్లదోమ యొక్క కోశదశ. పెరిగిన పురుగు లేత పసుపువన్నెది. దాని పిల్ల మాత్రము నల్లనిది. పేరునందు దోమ యున్నను దానికి నాలుగు ఱెక్కలు. దోమలతో దానికి చుట్టఱికమే లేదు. నీరు నిలిచిన చేలలోను, నత్రజని చాలని చేలలోను, కొట్టిన మోళ్ళనుండి మఱల లేచిన కార్శి తోటలలోను ఇది హెచ్చుగ నుండును. ఆకుపై పట్టిన మసివంటి నలుపు అది విసర్జించు తీపి ద్రవముమీద పెరిగిన బూజు. ఇట్టి చిత్రము చూచినపుడు మందు మాట యటుంచి, చేనిలో నీరు పోవు దారి కలదా యని యడుగుట మేలు.

మఱియొక చిత్రమున ఆకుమీద నువ్వుగింజలో సగమైనను లేని నిగనిగలాడు నల్ల పురుగు. దానికి నాలుగు ఱెక్కలు, మోచేయివలె వంగిన స్పర్శశృంగములు. ఇది టెలినోమస్ అను కందిరీగ జాతికి చెందినది. చెఱకును, వరిని తొలుచు పురుగుల గ్రుడ్లలో తన గ్రుడ్డు పెట్టి వానిని మొదటనే నాశనము చేయును. దీనిని జంపుటకు మందు కొనుట, చేనికి కావలి యున్నవానికి విషము పెట్టుటవంటిది. తొలుచు పురుగులమీద వ్యవసాయశాఖవారు ఇప్పించు ట్రైకోగ్రామా అట్టలును ఇట్టి పురుగులవే. అట్టపై నున్న గ్రుడ్లు నల్లబడుట చెడిపోవుట కాదు, లోన మిత్రుడు పెరుగుచున్నాడనుటకు గుఱుతు. ఆ సంగతి యెఱుగక అట్టను పాఱవేయువారు కలరు.

అన్నిటికంటె ముచ్చటైన చిత్రము పైరిల్లా పట్టిన తోటలోనిది. పైరిల్లా ఆకురసము పీల్చు ముక్కుపొడుగు పురుగు. దాని నడుమ మసివన్నె ఱెక్కలతో నొక చిన్న జీవి వ్రాలియున్నది. తెచ్చిన బాలుడు దానిని ఈగ యనెను. చిత్రమును పెద్దది చేసి చూడగా స్పర్శశృంగములు రెండువైపుల పండ్లున్న దువ్వెనలవలె నున్నవి. ఈగకు అట్టివి యుండవు. అది ఎపిరికేనియా యను చిఱుచిలుక. దాని పిల్లపురుగు పైరిల్లా మీద నెక్కి కూర్చుండి దాని యొడలి రసమునే త్రాగి పెరుగును. ఆకులమీద తెల్లని చిన్న గూళ్ళు కనబడినచో అవి దానివే. అట్టి తోటలో మందు కొట్టినయెడల పైరిల్లాకంటె ముందు ఈ చిలుక నశించును.

ఇంతవఱకు చెప్పినదానినిబట్టి రంగు మనలను మోసగించునని తేటపడుచున్నది. దీనికి మన రాష్ట్రముననే గొప్ప దృష్టాంతమొకటి జరిగినది. మన యూరినుండి కొన్ని గంటల రైలు ప్రయాణమున చేరదగిన సికిందరాబాదున రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు మలేరియా యెట్లు వ్యాపించునో కనుగొనుటకు దోమలను కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించుచుండెను. రెండేండ్లపాటు బూడిదవన్నె దోమలను, చారల దోమలను కోసి చూచినను ఫలము లేకపోయెను. తుదకు ఱెక్కలపై మచ్చలున్న దోమలు కొన్ని యాతనికి దొరకెను. వానికి శాస్త్రనామ మేమో ఆతనికి తెలియదు. "మచ్చల ఱెక్కల దోమ" యని మాత్రమే వ్రాసికొనెను. రోగి రక్తము త్రాగిన అట్టి దోమ కడుపుగోడలో 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీని మలేరియా నల్లకణములుగల గుండ్రని గూళ్ళను చూచెను. 1902లో ఆతనికి నోబెల్ బహుమానము వచ్చెను. విద్యార్థులారా, ఇచట గమనింపవలసినది, ఆతనికి దారి చూపినది పురుగు రంగు కాదు, ఱెక్కమీది మచ్చ. పేరు తెలియకున్నను గుఱుతును సరిగా వ్రాసికొనుటచేత తరువాతివారు అది అనాఫిలీసు దోమయని పోల్చుకొనగలిగిరి.

ఇక ఇంటిలోని యీగలను జూతము. స్నానపుగది గోడలపై మందముగ కదలక కూర్చుండు నల్లయీగను అందఱెఱుగుదురు. చిత్రమును పెద్దది చేసినచో దాని ఱెక్కలు వెడల్పై, వెండ్రుకలతో నిండి, చిన్న చిలుకవలె కనబడును. ఇది మురుగునీటి యీగ. ఇది కఱవదు. గొట్టములలోని జిగట పొరలో పుట్టును. రాత్రి గొట్టపు మూతిమీద అంటు కాగితమును, జిగురువైపు క్రిందికి ఉండునట్లు, కొంత సందు విడిచి పఱచినచో, తెల్లవారుసరికి ఈగలు దానికంటి, పుట్టినచోటును చెప్పును. గొట్టమును బ్రష్షుతో తోమిన చాలును. మందు చల్లుట వృథా.

ఐతే ఈ నల్లయీగకు ఒక జ్ఞాతి కలదు. రెండును ఒకే కుటుంబమునకు చెందినవి. అది నల్లనిది కాదు. ఇసుకవన్నెగా, రెండు మూడు మిల్లీమీటర్ల పొడవున, పొడుగు కాళ్ళతో నుండును. వ్రాలినపుడు ఱెక్కలను వీపుమీద పఱచక, పక్షి యెగురబోవునట్లు పైకెత్తి పట్టుకొనును. ఎక్కువ దూర మెగురక గెంతుచు పోవును. మట్టిగోడల నెఱ్ఱెలలోను, పశువుల కొట్టముల తడినేలలోను పెరుగును, రాత్రి కఱచును, సామాన్యపు దోమతెర కన్నములలోనుండి దూరిపోగలదు. దీనిని శాండ్‌ఫ్లై, అనగా ఇసుకయీగ యందురు. 2003వ సంవత్సరము జూను, ఆగస్టు నెలల నడుమ నాటి ఆంధ్రప్రదేశమున మెదడువాపుతో ఆసుపత్రులలో చేర్చబడిన 329మంది పిల్లలలో 183మంది మరణించిరి. ఆ వ్యాధికి కారణము చండీపురా వైరసు. 1965లో నాగపురము దగ్గఱి చండీపుర గ్రామమున మొదట కనుగొనబడుటచే దాని కాపేరు వచ్చెను. దానిని మోయునది ముఖ్యముగ ఈ ఇసుకయీగయే. 2024లో గుజరాతున ఈ వ్యాధి మఱల తలయెత్తెను. గోడమీది నల్లని నిరపరాధిని జూచి భయపడుచు, నెఱ్ఱెలోని పాలిపోయిన ఈగను లెక్క చేయని యిండ్లు ఎన్నో కలవు. మా యొద్దకు వచ్చిన చిత్రములలో ఇసుకయీగ చిత్ర మొక్కటియు లేకుండుట దీనికి సాక్ష్యము. నల్లనివానినే పిల్లలు వెదకిరి, దొరికినవి నల్లనివే.

పూలకుండీలయొద్ద ముసురు సన్నని నల్లయీగకు పొడుగాటి స్పర్శశృంగము లుండును. ఱెక్క నడుమ నొక నరము పంగలకఱ్ఱవలె చీలియుండును. తడిమట్టిలోని బూజును దిను ఈగ యిది. కుండీకి నీరు తగ్గించినచో పోవును. బెల్లము వండుచోట్ల మూగునది మఱియొకటి. వెలుతురు కెదురుగా తీసిన చిత్రములో నల్లగా నగపడినను, వెలుతురు వెనుకనుంచుకొని తీసినచో దాని కన్ను లెఱ్ఱన, ఒడలు గోధుమవన్నె. గూనివీపుతో గబగబ పరుగిడునది ఇంకొకటి; కుళ్ళినవానిపై పెరుగును.

కండ్లచుట్టు మూగు చిన్నయీగను గూర్చి మాత్రము కొంత నిలిచి చెప్పవలెను. కొందఱు వీనిని నుసుము లందురు. ఒకటిన్నర రెండు మిల్లీమీటర్ల నిగనిగలాడు ఈగ. స్పర్శశృంగములు మిక్కిలి పొట్టి. కఱవదు గాని, కంటి తడిని, పుండ్ల రసిని నాకుటకు మాటిమాటికి వ్రాలును. కండ్లకలక ఒకరినుండి యొకరికి ప్రాకుటకు ఇది తోడ్పడునని వైద్యులు చిరకాలమునుండి యనుమానించుచున్నారు. చిత్రములో దీనిని పోల్చుకొనుటకు శరీరముకంటె అది విశ్రమించుచోటు మంచి గుఱుతు: వ్రేలాడు త్రాడు, సాలెగూటి దారము, చూరునుండి జాఱిన గడ్డిపోచ. అందుచేతనే దానికి త్రాటిపై నివసించునది యను అర్థమున ఫూనికోలా యని పేరు పెట్టిరి. కావున కొట్టములో వ్రేలాడు పనికిరాని త్రాళ్ళను దీసివేయుటయే దీనికి చికిత్స. త్రాడుతోసహా తీసిన చిత్రము, పురుగును మాత్రము కోసి చూపిన చిత్రముకంటె నెక్కువ చెప్పును.

ఇంగ్లీషు పుస్తకములలో బ్లాక్‌ఫ్లై యని కనబడిన ప్రతిచోట మన నల్లయీగయని భ్రమపడరాదు. ఆ పేరు సిమూలియము చేరిన వేఱొక కుటుంబమునకు చెల్లును. అది గూనివీపుతో, వెడల్పైన ఱెక్కలతో, పూసలు గ్రుచ్చినట్టి పొట్టి స్పర్శశృంగములతో నుండును. దాని పిల్లలు పాఱు నీటిలోనే, ఱాళ్ళ కంటుకొని బ్రదుకును. ఆఫ్రికాలో నదీతీరవాసులకు అంధత్వము దెచ్చు పురుగును మోయునది ఇదియే. ఇంటి మురుగుగొట్టముకడ తీసిన చిత్రమునకు ఈ పేరు పెట్టి పిల్లలను బెదరించుట తగదు. మన గొఱ్ఱెలకాపరులు భయపడవలసినది దీనికంటె చిన్నదైన మఱియొకదానికి. సందెవేళ కఱచు ఆ చిఱుదోమ పేరు క్యులికాయిడిస్. పొడవు ఒకటి మొదలు మూడు మిల్లీమీటర్లు. మచ్చలుగల ఱెక్కలను కత్తెరవలె నొకదానిపై నొకటి మడచుకొనును. బురదలోను, తడిపేడలోను పెరిగి, గొఱ్ఱెలకు నీలినాలుక వ్యాధిని తెచ్చును. వానలు వెనుకబట్టిన తరువాత మందలలో ఈ రోగము చెలరేగుటకు కారణమిదే. ఇట్టి వేళ దొడ్డిలోని పేడను, బురదను తీసివేయుటయు, మందకు టీకా వేయించుటయు చేయదగిన పనులు.

ఇక చిత్రమును తీయు పద్ధతి. తెల్ల కాగితముమీద నల్లయీగ నుంచి తీసినచో, ఫోను తెల్లదనమును లెక్కించి వెలుతురును తగ్గించును. ఈగ వట్టి నీడవలె మిగులును. బూడిదవన్నె అట్టపైనుంచి, ఫోను తెరపై ఈగయున్న చోట వ్రేలితో తాకి తీసినచో నలుపులోని వివరములు తేలును. కదలు ఈగను గాజుసీసాలో పట్టి మంచుపెట్టెలో (గడ్డకట్టించు అరలో కాదు) కొన్ని నిమిషము లుంచిన అది మందగించును. ఆ పిమ్మట వెలుతురు ప్రక్కనుండి పడునట్లుంచి మూడు చిత్రములు తీయుడు. పైనుండి యొకటి, ఱెక్కల నరములు కనబడుటకు. ప్రక్కనుండి యొకటి, వీపు గూనిగా నున్నదో లేదో తెలియుటకు. ముఖము నెదుటనుండి యొకటి, స్పర్శశృంగముల కొఱకు. లెక్కల తరగతిలో వాడు గళ్ళకాగితపు ముక్కను ప్రక్కన నుంచుట మఱవవలదు. అందలి చిన్నగడి ఒక మిల్లీమీటరు గనుక పరిమాణము దానంతట తెలియును. "చాల చిన్నది" యని నోటితో చెప్పినదానికంటె రెండు గళ్ళు అని చూపినది మేలు. తేదీ, గ్రామము, దొరికిన చోటు, వేళ, ఒకటియా గుంపా, కఱచెనా లేదా యనునవి వెంటనే వ్రాయుడు. పట్టిన తరువాత తీసిన చిత్రములతో బాటు పట్టకముందు ఉన్నచోట తీసినది యొకటి తప్పక యుండవలెను. మా యనుభవమున సగము జవాబు ఆ చిత్రముననే దొరకుచున్నది.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను చిత్ర మొక హద్దువఱకే పోవును. సాధారణముగ కుటుంబము తెలియును. అప్పుడప్పుడు జాతివఱకు పోవచ్చును. అంతకుమించి సరియైన పేరు చెప్పవలెనన్న, పురుగును కోసి, కొన్నిటియందు మగపురుగు తోకభాగమును సూక్ష్మదర్శినిలో చూడవలసియుండును. ఇసుకయీగలలో ఆడదాని లోపలి యవయవములు చూచినగాని జాతి నిర్ణయము కాదు. నేడు చిత్రము చూపినంతనే పేరు చెప్పు యంత్రోపాయములు ఫోనులలో వచ్చినవి. 2008లో అమెరికాలో మొదలైన ఐనేచురలిస్టు వానిలో పేరుగన్నది. పెద్ద సీతాకోకచిలుకల విషయమున వాని మాట చాలవఱకు నమ్మవచ్చును. కాని యంత్రము తాను ముందు చూచిన చిత్రములనుబట్టియే పలుకును. మన చెఱకుచేలలోని చిఱుపురుగుల చిత్రములు దానికి తక్కువ. అది పలికిన పేరును ఊహగా తీసికొని, ఱెక్కలు, స్పర్శశృంగములు సరిపోవుచున్నవా యని మీ కంటితో చూచుకొనుడు. ఇంతటి పరీక్షకు గొప్ప చదువు లుండవలెనని యనుకొనవలదు. భారతదేశపు ఈగలనుగూర్చి 1912 మొదలు పెద్ద సంపుటములు వ్రాసిన బ్రునెట్టీ వృత్తిచేత కలకత్తాలో సంగీతకారుడు.

తుదకు పసుపుచేని యీగ. ఆర్మూరు, బాల్కొండ, కమ్మరుపల్లి ప్రాంతములనుండి వచ్చిన పిల్లల చిత్రములలో ఇదియే తఱచు. సన్నని నల్లని యొడలు, మిక్కిలి పొడుగు కాళ్ళు, ఱెక్కలపై బూడిద మచ్చలు. సెంటిమీటరునకు పైబడిన పొడవు గనుక చిన్నయీగ యనుటకు కొంచెము పెద్దదే. దీనిని దుంపయీగ యందురు. చిత్రములో పోల్చుట సులభము. చిక్కు ఆ పైన వచ్చును. దీని పురుగు దుంపను తొలుచుట నిజమే. కాని మంచి దుంపను ఇదియే మొదట పాడుచేయునా, లేక తేమవలన బూజు తెగులు సోకి కుళ్ళిన దుంపకు తరువాత చేరునా యను విషయమున శాస్త్రజ్ఞులలో భేదాభిప్రాయములు కలవు. కుళ్ళిన దుంపలలోనే ఇది పెరుగుననుటకు సాక్ష్యములు బలముగ నున్నవి. అట్లైనచో చేనిలో ఈగను జూచి ఈగకు మందు కొట్టిన రైతునకు కుళ్ళు తగ్గదు. మురుగునీరు పోవు కాలువయు, తెగులులేని విత్తనపు దుంపయు వానికి కావలెను. ఆకుమీద వ్రాలిన ఈగ చిత్ర మెంత చక్కగా వచ్చినను ఈ ప్రశ్నకు జవాబు చెప్పజాలదు. మొక్కను పెఱికి, దుంపను చీల్చి, లోపలిని తీయవలెను.

దుంపలో పురుగు కనబడినచో దానిని పాఱవేయక, దుంపముక్కతో సహా వెడల్పు మూతిగల సీసాలో, అడుగున తడిమట్టి పోసి యుంచుడు. మూతికి పలుచని గుడ్డ కట్టి, తేదీని, చేను పేరును కాగితముమీద వ్రాసి యంటింపుడు. కొన్ని వారములలో ఈగ బయటికి వచ్చును. వచ్చినవెంటనే చిత్రము తీయవలదు. అప్పుడే పుట్టిన ఈగ ఱెక్కలు ముడుచుకొని, పాలిపోయిన వన్నెలో నుండును. ఒకనాడు గడచినగాని నల్లబడదు.